కదలనిదానికే వాడే మాట

ఉట్నూర్‌లోని ఆశ్రమ పాఠశాలలో నేను ఇంగ్లిషు చెబుతాను. ఆ రోజు పాఠంలో ‘బడ్జ్’ అనే క్రియ వచ్చింది. ఉన్నచోటు నుంచి ఏ కాస్తో కదలడం అని దాని అర్థం. వాడుకే విచిత్రం. కదిలినదాని గురించి ఈ మాట వాడేది తక్కువ, పక్కన ‘నాట్’ పెట్టి కదలనిదాని గురించే ఎక్కువగా వాడతారు. తుప్పు పట్టిన తలుపు, బురదలో దిగబడ్డ బండి. అన్న మాట మీదే కూర్చునే మొండి మనిషికీ ఇదే క్రియ.

వాక్యాలు రాయమన్నాను. పిల్లలు ఎడ్ల మీద, హాస్టల్ కిటికీ మీద రాశారు. వెనక బెంచీ పిల్ల లేచి, “మేడం డజ్ నాట్ బడ్జ్ ఫ్రమ్ హర్ రూమ్ ఆన్ సండే” అని చదివింది. క్లాసంతా ఘొల్లుమంది. తప్పు పడదామంటే ఒక్క తప్పూ లేదాయె!

“మంచిగుంది, కూర్చో” అన్నాను గానీ నాకు ఒళ్లు మండింది.

నిజమే కదా, మండడం దేనికి? మా ఆయన పోయినప్పటి నుంచి ఆదివారమంటే నాకు భయం. పొద్దున వండిన అన్నమే రాత్రికీ తింటాను. గోడ అవతలి టీవీలో ఎవరో నవ్వుతుంటే వింటాను. ఎవరైనా తలుపు కొడితే బాగుండునని ఉంటుంది, తీరా కొడితే విసుక్కుంటాను. అదీ నా వరస.

మా వైపు ఒక ఆచారం ఉంది. ఇంట్లో మనిషి పోయి దినాలు అయ్యాక, దగ్గరివాళ్లు వచ్చి మిగిలినవాళ్లను తమ ఇంటికి ‘నిద్రకు’ తీసుకుపోతారు. ఒక్క రాత్రి ఇంకొకరి ఇంట్లో పడుకుంటే దుఃఖం కొంత దిగుతుందంటారు. నన్ను తీసుకుపోవడానికి మంథని నుంచి మా అన్న, వదిన వచ్చారు.

“నడువ్ చెల్లె, ఒక్క నిద్ర జేసి వద్దువు” అన్నాడు అన్న.

“నేను రాను.”

“గట్లంటే ఎట్లనే?”

“రానన్న గద!”

“ఈమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు” అంది వదిన. అన్న చెప్పులు వేసుకుని గడపలో కాసేపు నిలబడ్డాడు. ఇంకొక్కసారి పిలిస్తే వెళ్లేదాన్ని. పిలవలేదు. ఆ తర్వాత ఫోన్లో బాగోగులు అడిగేవాడే తప్ప ఎన్నడూ రమ్మనలేదు. పీడ వదిలిందనుకున్నాడని నాకు నేనే తేల్చుకుని రెండేళ్లు కుళ్లికుళ్లి ఏడ్చాను.

ఆ పిల్ల వాక్యం విన్న శనివారమే, బడి వదలగానే బస్సెక్కాను. మంచిర్యాలలో మారి మంథని చేరేసరికి బాగా చీకటి పడింది. తలుపు తీసిన అన్న నా చేతిలో సంచి చూసి బెదిరిపోయాడు.

“ఏమైందే? పానం మంచిగున్నదా?”

“నిద్రకొచ్చిన” అన్నాను.

అన్న నా చేతిలోంచి సంచి అందుకున్నాడు.

“మల్లొకపారి పిలుద్దమని ఎన్నిసార్లు అనుకున్ననో చెల్లె. నువ్వు మల్ల రానంటవేమోనని బుగులైంది.”

నేను గడపలోనే కూలబడి ఏడ్చాను. నాకంటే పెద్దవాడు, ఆయనకూ భయం ఉంటుందని నాకు ఒక్కసారీ తోచలేదు.