పిక్క మీది మచ్చ, పదో తరగతి పరీక్ష

బతుకమ్మ పండుగకు హైదరాబాద్ నుంచి మా ఊరు లింగాల ఘనపూర్ పోయినప్పుడు శ్రావణి పిక్క మీద రక్తం చూశాను. శ్రావణి మా బాబాయ్ పెద్దకూతురు, పదో తరగతి. ఖోఖో ఆడి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. దెబ్బ తగిలిందా అని అడిగాను.

"కాదక్కా, మచ్చ. సాక్స్ ఒరుసుకుంటే గిట్లనే కారుతది" అంది.

దాని ఒంటి నిండా పుట్టుమచ్చలే. అదృష్టమని నానమ్మ మురిసిపోయేది. ఈ పిక్క మీది మచ్చ చిన్నప్పుడు మినపగింజంత ఉండేది. ఇప్పుడు చొక్కా గుండీ అంత అయింది. ఒక పక్క నలుపు, ఒక పక్క గోధుమ రంగు, అంచు వంకరటింకర. అక్కడే నిలబడి ఫోన్‌లో వెతికాను. ఇలా మారే మచ్చ క్యాన్సర్ కావచ్చని ఉంది.

రేపే జనగామలో స్కిన్ డాక్టర్‌కు చూపిద్దామని బాబాయ్‌తో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గా మచ్చనే బడిల గుర్తు కింద రాసిన్రు బిడ్డా. కోసేస్తే హాల్ టికెట్ల ఒకటుంటది, కాలు మీద ఇంకోటుంటది. పరీక్ష రాయనియ్యకుంటే?"

పదో తరగతి పిల్లలందరికీ ఒంటి మీది రెండు మచ్చలు గుర్తుగా రాసుకుంటారు. మహబూబాబాద్‌లో మా చుట్టాలబ్బాయిని, సర్టిఫికెట్‌లో రాసిన మచ్చ ఒంటి మీద కనిపించలేదని ఉద్యోగంలో చేరే రోజు చాలాసేపు నిలబెట్టారట. అదే బాబాయ్ మనసులో పాతుకుపోయింది. పరీక్షలు అయ్యాక చూపిస్తానన్నాడు.

నాకు కోపం ఆగదు. పరీక్ష ముఖ్యమా, పిల్ల ముఖ్యమా అని వాకిట్లోనే అరిచాను. చచ్చిపోతే ఏం చేస్తావని కూడా అన్నాను. పండుగ పూట అవేం మాటలని నానమ్మ తిట్టింది. "పట్నంల ఫోన్ల చూసుడు వేరు, గీడ పిల్ల సదువు వేరు" అన్నాడు బాబాయ్. నేను బ్యాగు తీసుకుని హైదరాబాద్ బస్సెక్కాను. తర్వాత ఆయనకు మచ్చల గురించి డాక్టర్లు చెప్పిన వీడియోలు ఎన్ని పంపానో! చూసేవాడు, జవాబు ఇచ్చేవాడు కాదు.

పరీక్షలు అయిపోయాయి. పరీక్ష హాల్లో శ్రావణి కాలు వంక ఎవరూ చూడలేదు. అప్పటికే గజ్జల్లో గడ్డ వచ్చింది.

జనగామ డాక్టర్ చూసిన రోజే హైదరాబాద్ పంపాడు. బయాప్సీ, స్కాన్లు అయ్యాక పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "మెలనోమా. చర్మ క్యాన్సర్. ఈ వయసులో చాలా రేర్. నోడ్స్‌కి, అంటే గజ్జల్లోని లింఫ్ గ్రంథులకు వచ్చింది, స్టేజ్ త్రీ." మచ్చలున్న పిల్లలందరికీ ఇలా అవుతుందా అని అడిగాను. "లేదమ్మా. పిల్లలకు మచ్చలు రావడం మామూలే. మరీ ఎక్కువ ఉంటే పెద్దయ్యాక రిస్క్ కొంచెం ఎక్కువ. ఏదైనా ఒకటి మారుతుంటే మాత్రం ఆగకూడదు."

దసరాకే వచ్చి ఉంటే అని బాబాయ్ నసిగాడు. ఆవిడ, "చిన్న ఆపరేషన్‌తో పోయేదేమో. ఖచ్చితంగా చెప్పలేను" అంది.

బయటికి రాగానే శ్రావణి బడి హెడ్మాస్టర్‌కు ఫోన్ చేశాను, ఆయన్ను కడిగెయ్యాలని. స్పీకర్ పెట్టాను. అంతా విని ఆయన, "ఒక్క మాట చెప్తే ఇంకో మచ్చ రాసేటోళ్లం గదమ్మా. ఆ పిల్లకు మచ్చలకేం తక్కువ?" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేశాను. బాబాయ్ ఆస్పత్రి మెట్ల మీదే కూలబడ్డాడు.

మచ్చ చుట్టూ వెడల్పుగా కోసి, గజ్జల్లో నోడ్స్ తీశారు. కాలు వాచింది. క్యాన్సర్‌తో పోరాడేలా ఒంటి రోగనిరోధక శక్తిని ఉసిగొలిపే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ఒంట్లో బలం లేక మంచం దిగలేకపోయింది. ఆ మందు వల్ల థైరాయిడ్ దెబ్బతింది. కోలుకుంటోంది అనుకునేసరికి స్కాన్‌లో క్యాన్సర్ ఊపిరితిత్తికి పాకినట్టు చిన్న స్పాట్ కనిపించింది. "ఇంకా మందులున్నాయి" అంది డాక్టరమ్మ. నయమవుతుందని మాత్రం అనలేదు.

ఇప్పుడు శ్రావణి ఇంటర్. ఓపిక ఉన్న రోజు జనగామ కాలేజీకి పోతుంది. ఇంజెక్షన్ అప్పుడు నా రూమ్‌లో ఉంటుంది. ఖోఖో ఊసే ఎత్తదు. వాచిన కాలు దిండు మీద పెట్టుకుని, "బతికితే నేను డ్రిల్ టీచరైతనక్కా" అంది ఒకసారి. నేను నీళ్లు తెస్తానని లేచి వెళ్లాను.

దాని చెల్లెలు భవ్యకూ ఒంటి నిండా మచ్చలే. ఆరో తరగతి. తనకూ అక్కలాగే అవుతుందేమోనన్న భయంతో ఎండాకాలమంతా పొడుగు చేతుల డ్రెస్సే వేసుకుంది. మొన్న వీపు మీద ఒక మచ్చ పెద్దదైనట్టు అనిపించి బాబాయ్ భవ్యను బడి పరీక్ష మాన్పించి హైదరాబాద్ తీసుకొచ్చాడు. మామూలు మచ్చే, పిల్లతో పాటు పెరుగుతోందని డాక్టరమ్మ చెప్పింది. బెంచీ మీద కూర్చుని బాబాయ్ ఏడ్చాడు. ఆ ఏడుపు భవ్య కోసం కాదని నాకు తెలుసు. శ్రావణికీ తెలుసు. వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

మీ పిల్లల మచ్చల్లో ఏదైనా మిగతావాటిలా లేకుండా పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా ఆ వారమే స్కిన్ డాక్టర్‌కు చూపించండి. అది బడిలో రాసిన గుర్తే అయితే, బడికి వెళ్లి ఒక్క మాట చెప్పండి. ఇంకోటి రాసుకుంటారు.