పక్కగది తలుపు

కరీంనగర్ నుంచి మంచిర్యాల వెళ్లే బస్సులో ఆయన నా పక్కన కూర్చున్నాడు. నస్పూర్‌లో ఉంటాడట, బొగ్గుబాయిలో పని. జర్మనీలో చదువుతున్న కూతుర్ని చూసి, విమానం దిగి ఇంటికి పోతున్నాడు. దారిలో భార్య ఫోన్ చేసింది.

"మంచిగనే ఉంది. దోస్తులు మస్తుగున్నరు. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకుని నావైపు తిరిగాడు.

"ఒక్కలు గూడ లేరమ్మా. ఎనిమిది రోజులున్న, బిడ్డ రూముకు ఎవ్వలు రాలే. మాకేమో ఫోన్ల అందరున్నరని చెప్పేది."

"మరి బిడ్డతోని ఏమన్నరు కాకా?"

"ఏమనలే. నాకు తెల్సిందంటె ఇంకింత బాధపడ్తది. వచ్చేరోజు అది స్నానానికి పోయినప్పుడు, మా ఆమె పంపిన సకినాలల్ల సగం తీస్కపోయి పక్కరూము తలుపు కొట్టిన. ఎవరో పిల్ల తీసింది. వాళ్ల మాట నాకు రాదు. సకినాలు చేతుల పెట్టి, బిడ్డ తలుపు సూపెట్టి, దండం పెట్టిన."

"ఆ పిల్ల తర్వాత మీ బిడ్డ దగ్గరికి పోయిందా?"

"తెల్వదమ్మా. బిడ్డనెట్లడుగుత?"

మంచిర్యాలలో పెట్టె దింపుకుని వెళ్లిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను.

మా పక్క వాటాలోకి ఒకమ్మాయి వచ్చి నాలుగు నెలలైంది. ఒంటరిగానే ఉంటుంది. మరుసటి రోజు వెళ్లి తలుపు కొట్టాను.