మూడు మార్కులు కలిపిన చొక్కా

బాబాయి ఎవరేం చెప్పినా "ఏ పూట?" అని అడగనిదే నమ్మేవాడు కాదు. ఎదురింటి పిల్లాడు క్లాసులో ఫస్టు వచ్చాడంటే "ఏ పూట పరీక్ష?" అనేవాడు. పక్కింటావిడ తన కోడలికి నోటి దురుసెక్కువని వాపోతే "ఏ పూట చూశారు? పొద్దున్నే కుళాయి దగ్గరైతే పది మార్కులు కలపాలండీ" అన్నాడు. ఆవిడ మళ్ళీ ఆ గడపలో కోడలి ఊసెత్తలేదు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఆఫీసులో ఆయన లెక్కల విభాగం అధికారి. లక్షమందిని ఒకేసారి కూర్చోబెట్టడానికి బల్లలు చాలవు కనుక పరీక్ష రెండు పూటలు జరుగుతుంది. పూటకో పేపరు. ఒకటి తేలిగ్గా వస్తుంది, ఇంకోటి ప్రాణాలు తోడేస్తుంది. అప్పుడు బాబాయి సగటులు తీసి, కష్టం పూటవాళ్ళకు కాసిని కలిపి, తేలిక పూటవాళ్ళకు కాసిని కోసి, రెండింటినీ ఒక మట్టానికి తెస్తాడు. ఆఫీసులో ఆయన పేరు సవరింపుగారు. వెనకాల ఇంకేమనేవారో ఆయన పట్టించుకోలేదు. ఆ మాటలు కూడా ఏ పూట అన్నారో చూడాలట.

ఇంట్లోనూ అదే వరస. పిన్ని కూర రుచి చూసి "ఆరు" అనేవాడు. పిన్ని చూపు మారగానే సర్దుకునేవాడు.

"గ్యాసు సన్నగా వస్తోంది, నీళ్ళు రాలేదు, పైగా నేను వంటింట్లో అడ్డంగా నిలబడ్డాను. సవరిస్తే తొమ్మిదిన్నర."

"ఆ మిగతా అర?"

"ఉప్పు."

ఇక ఆయన చొక్కాలు. ఒక చెయ్యి వేళ్ళదాకా వచ్చేది, రెండోది మణికట్టు దాకా రావడానికి మొహమాటపడేది. వీధి చివరి టైలరు చేతిచలవ అది. ముప్ఫై ఏళ్ళుగా బాబాయి అతని దగ్గరే కుట్టించుకుంటున్నాడు. "ఊళ్ళో ఇంకో టైలరే దొరకలేదా?" అని పిన్ని నెత్తీ నోరూ కొట్టుకునేది. "అతనిది కష్టం పూట. మూడు మార్కులు కలుపుకో" అనేవాడు. రోజంతా ఒకే కుట్టుమిషను ముందు కూర్చునేవాడికి వేరే కష్టం పూట ఏమిటో ఎవరికీ బోధపడలేదు.

బాబాయి అన్నగారి అమ్మాయి ఆ ఇంట్లోనే ఉండి రెండేళ్ళు చదివి అదే పరీక్ష రాసింది. ఈసారి రాకపోతే ఇంటికొచ్చి మందుల కొట్లో కూర్చోమని తండ్రి ముందే చెప్పేశాడు. ఇంట్లో అభ్యర్థి ఉందని బాబాయి ఆ లెక్కల జోలికి పోకుండా సెలవు పెట్టాడు. సూత్రం మాత్రం సెలవు పెట్టలేదు. పొద్దుటి పేపరు తేలికని తేలడంతో, ఆ పూట రాసిన అమ్మాయికొచ్చిన డెబ్భై ఒకటి, సవరింపు తరవాత అరవై ఆరయింది. అరవై ఏడుకు ఉద్యోగాలు అయిపోయాయి.

"పొద్దున రాసినవాళ్ళం నిజంగానే తెలివైనవాళ్ళమేమో, బాబాయ్!"

"ఎవరికే పూటో చీటీలు తీసి పంచిన జనం, అమ్మా. తెలివైనవాళ్ళంతా ఒక పూటకే పోగవుతారా?"

"జనం సంగతి నాకెందుకు? ఆ డెబ్భై ఒకటీ నేను రాసినవి."

"అదీ నిజమే. సూత్రం జనానికి న్యాయం చేస్తుంది. ఒక్కొక్క మనిషి దగ్గరికొచ్చేసరికి ఏమీ చెప్పలేం" అన్నాడు బాబాయి. అమ్మాయి ఆయనతో మాట్లాడటం మానేసింది.

నాలుగో రోజున పిన్ని ఒక చొక్కా ఇచ్చి సరిచేయించుకురమ్మంటే, అమ్మాయి మొహం మాడ్చుకునే టైలరు దగ్గరికి వెళ్ళింది.

"మీ బాబాయీ నేనూ ఒకే పరీక్ష రాశాం తెలుసా!" అన్నాడు టైలరు, పొడుగు చెయ్యి వదిలేసి పొట్టిదాన్నే ఇంకాస్త కత్తిరిస్తూ. "ఆయన పొద్దున, నేను మధ్యాహ్నం. అబ్బో, ఏం పేపరమ్మా అది! రెండు మార్కుల్లో పోయింది. అప్పట్లో ఈ కలపడాలూ తీయడాలూ లేవుగా."

అమ్మాయి ఇంటికొచ్చి బాబాయి ఎదుట నిలబడింది.

"లెక్క వేశావా?"

"ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, పాత రిజిస్టర్లు తీసి వేశాను. అతనికి మూడు కలవాలి. నేను కూర్చున్న కుర్చీ అతనిది. ఆ తరవాత ఈ సూత్రం తెప్పించడానికి పదకొండేళ్ళు ఫైలు పట్టుకు తిరిగాను."

"అతనికి తెలుసా?"

"చెప్పి అతని నిద్ర చెడగొట్టడం ఎందుకు? లెక్కలు చూసుకోవలసినవాడమ్మా, కత్తెర పట్టాడు. ఆ మాత్రం కుట్టడమే గొప్ప."

అమ్మాయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వు గెలిచింది. బాబాయి ఆ ధైర్యంతో అన్నగారికి ఫోను చేశాడు.

"అన్నయ్యా, పిల్ల ఇంకోసారి రాస్తుంది. తేలిక పూటలో పడింది పాపం!"

తేలిక పూటలో పడ్డవాళ్ళమీద ఆయన జాలిపడటం అదే మొదలు. అవతల తండ్రికి ఏమర్థమైందో గానీ సరేనన్నాడు.

మళ్ళీ పరీక్షరోజున అమ్మాయి కొత్త చొక్కా వేసుకుని బయల్దేరింది. పిన్ని గుండె మీద చెయ్యేసుకుంది.

"ఎవరే ఇలా కుట్టింది? ఒక చెయ్యి ఏదే?"

"మూడు మార్కులు కలుపుకో, పిన్నీ" అని, పొడుగు చెయ్యి పైకి మడుచుకుంటూ మెట్లు దిగింది అమ్మాయి.