ఐదు గంటలు, ఐదు ఆంపియర్లు

2022 వేసవి. గుత్తిలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్ల తాగునీటి ట్యాంకుల దగ్గర క్లోరినేటర్లు చూసుకునే మెకానిక్‌ని నేను. ముగ్గురు చేయాల్సిన పని రెండేళ్లుగా ఒక్కణ్ణే చేస్తున్నాను. పొద్దున బండెక్కితే నడుము పట్టేసేదాకా తిరగడమే.

క్లోరినేటర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఉప్పునీళ్లలో లోహపు పలకలు ముంచి కరెంటు పంపితే క్లోరిన్ పుడుతుంది. దీన్నే ఎలక్ట్రాలిసిస్ అంటారు. ఆ నీళ్లు ట్యాంకులో కలిపితే క్రిములు చస్తాయి. ఎంత పుడుతుందో లెక్క కూడా తేలికే. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే సుమారు 1.3 గ్రాముల క్లోరిన్. ఆంపియర్లను గంటలతో గుణించి, మళ్లీ 1.3తో గుణించాలి. అందులో కొంత వృథా పోతుంది.

వజ్రకరూరు అవతల ఒక చిన్న ఊరి నుంచి కబురొచ్చింది. ముప్పై మందికి వాంతులు, విరేచనాలు. నేను వెళ్లేసరికి పంపు గది ముందు జనం. ఆపరేటర్ ఓబులేసును గోడకు ఆనించి నిలబెట్టారు. చొక్కా చినిగి ఉంది.

"మిషను ఏయకుండా ఇంట్లో పండుకుంటాండాడు సార్. వీణ్ని ఈ పొద్దే తీసేయండి," అన్నాడు సర్పంచి.

"దినామూ ఐదు గంటలు ఏసినా సార్, పుస్తకంలో రాసినా, చూడండి," అన్నాడు ఓబులేసు. "నా బిడ్డ కూడా ఆస్పత్రిలోనే ఉండాది. ఆ నీళ్లే తాగింది."

కొళాయి నీళ్లలో పరీక్ష చుక్కలు వేశాను. క్లోరిన్ ఉంటే పసుపు తిరగాలి. తిరగలేదు. ఓబులేసును వెంటబెట్టుకుని గదిలోకి వెళ్లి మిషన్ వేశాను. పచ్చలైటు వెలిగింది. ఆంపియర్లు చూపే ముల్లు మాత్రం ఇరవై దగ్గర ఉండాల్సింది, ఐదు దగ్గరే ఆగిపోయింది.

ఇరవై ఆంపియర్లు ఐదు గంటలు పారితే నూట ముప్పై గ్రాములు. వృథా పోగా, ఆ ట్యాంకుకు కావలసిన ఎనభై ఎలాగూ అందుతాయి. ఐదు ఆంపియర్లకు ముప్పై రెండున్నరే. వృథా పోతే ఇరవై కూడా మిగలవు.

పలకలు పైకి తీశాను. కరెంటు సరిగా పారనివ్వకుండా బోరునీళ్ల సున్నం తెల్లగా పెచ్చు కట్టింది. నెలకోసారి యాసిడ్‌తో కడగాలి. ఆ పని ఓబులేసుది కాదు, నాది. నాలుగు నెలలుగా నేనా ఊరికి రాలేదు.

"ఈ ముల్లు చూడమని నీకెవరూ చెప్పలేదా?"

"పచ్చలైటు ఎలిగితే సాలు అని మీరే చెప్పినారు కదా సార్."

బయటికొచ్చి చెప్పాను, ఓబులేసు రోజూ మిషన్ వేశాడని, తప్పు నాదని.

"మరి నాలుగు నెల్లు యాడికి పోయినావప్పా?" అన్నాడు సర్పంచి.

నలభై ఊళ్లకు ఒక్కణ్ణే అని చెప్పబోయి మానుకున్నాను. మంచం పట్టినవాళ్లకు ఆ మాట ఎందుకు? ట్యాంకులో బ్లీచింగ్ కలిపి, పలకలు కడిగి బిగించేసరికి సాయంత్రమైంది. రిపోర్టులోనూ తప్పు నాదనే రాశాను. నాకు మెమో వచ్చింది. అందరూ కోలుకున్నారు. ఓబులేసు కూతురు ఐదో రోజు ఇంటికొచ్చింది.

అప్పట్నుంచి ప్రతి ఆపరేటర్‌కూ ఆ గుణకారం నేర్పిస్తున్నాను. పుస్తకంలో గంటల పక్కన ఆంపియర్లకూ ఒక గడి గీయించాను. మనిషి ఎంతసేపు పని చేశాడన్నదే రాయించుకుని, ఎంత పని జరిగిందో తెలుసుకునే దారి అతనికి చూపకపోతే, ఏదైనా జరిగిన రోజు అతణ్ణే గోడకు నిలబెడతారు.

ఓబులేసు నాతో ఇప్పటికీ ముభావంగానే ఉంటాడు. ముల్లు కాస్త దిగితే చాలు, ఫోన్ చేస్తాడు. ఎల్లుండి వస్తానంటే ఒప్పుకోడు.

"రేపే రాండి సార్," అని పెట్టేస్తాడు.

వెళ్తాను.