ముట్టుకోకుండా కొన్న డేరా

ఢిల్లీలో ఇన్నేళ్ల కాపురంలో నా తెలివికి నేనే ముచ్చటపడిన బేరం ఒకటుంది. రెండువేల నాలుగువందలు చెప్పిన డేరాని పదిహేనువందల యాభైకి దింపాను. అదీ ఒక్కసారైనా చేత్తో ముట్టుకోకుండా, విప్పించకుండా, రంగు తప్ప మరేమీ చూడకుండా. అంత శుద్ధమైన బేరం మా నాన్న కూడా చేసి ఉండడు. అంతకంటే తెలివితక్కువ పని నేను అప్పటికి చెయ్యలేదని తెలియడానికి సరిగ్గా ఒక్కరోజు పట్టింది.

మా నాన్నది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. పక్కన పెదనాన్న బట్టల కొట్టు, ఎదురుగా మేనమామ కిరాణా. లెక్కలు బళ్లో నేర్చుకున్నాం గానీ మనుషుల్ని కొట్లోనే నేర్చుకున్నాం. వచ్చినవాళ్ల మొహం చూడొద్దు, చెయ్యి చూడు అనేవాడు నాన్న. మొహం ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది. నచ్చిన బిందె అంచు మీద మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఆగుతుంది. చెయ్యి ఆగిన చోట ధర పెరుగుతుంది. ఈ సంగతి తెలిసిన కుటుంబం కనక మా ఆడవాళ్లు ఏ కొట్టుకెళ్లినా ఒకటే పద్ధతి. నచ్చిన దాని జోలికి పోకూడదు. నచ్చనిదాన్ని పట్టుకుని, తిరగేసి, వంకలు పెట్టి, గంటసేపు సతాయించి, వెళ్లిపోతూ వెళ్లిపోతూ గడ్డంతో అటు చూపించి "అదెంతేంటి?" అనాలి. చీరలూ గిన్నెలే కాదు, మా అక్క పెళ్లి సంబంధం కూడా మావాళ్లు ఇలాగే కుదిర్చారు.

ఢిల్లీలో మేముండే ద్వారకకి మెట్రో కొత్తగా వచ్చిన రోజులవి. మా ఆఫీసులో పెద్ద మేడమ్ ఒకావిడ ప్రతి జూన్‌లోనూ ఆడవాళ్లని పోగేసి నాలుగు రోజులు ఉత్తరాఖండ్ కొండలెక్కించేది. ఆ ఏడు పిల్లల్ని కూడా తెచ్చుకోవచ్చంది. మా అమ్మాయికి పదకొండేళ్లు. అంతకుముందు చలికాలంలోనే దానికి న్యుమోనియా వచ్చి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ ఎనిమిది రోజులూ దాని పక్కటెముకలు లోపలికి పోయి పైకి రావడం చూస్తూ కూర్చున్నదాన్ని, అప్పట్నుంచీ చినుకు పడితే దాన్ని బాల్కనీలోకి కూడా పోనిచ్చేదాన్ని కాదు. కానీ కొండలనగానే పిల్ల అన్నం మానేసి మరీ పట్టుబట్టింది. డాక్టరు వెళ్లొచ్చన్నాడు. తడిసి చలిలో ఉండిపోకుండా చూసుకోమన్నాడు. మా ఆయన మాటల్లో ఇంకా పొదుపు మనిషి.

"తీసుకెళ్లు. తడవకుండా తీసుకురా," అన్నాడు.

మేడమ్ నియమాలు రెండు. ఎవరి డేరా వాళ్లే మొయ్యాలి కనక అది రెండున్నర కిలోలు దాటకూడదు. పైన కప్పే గుడ్డ నేలదాకా దిగాలి. మెడ ఎముకలు అరిగి పట్టీ వేసుకు తిరిగినదాన్ని కదా, నాకు మొదటిది వినబడినంత గట్టిగా రెండోది వినబడలేదు. పెద్ద షాపుల్లో అలాంటివి ఆరేడు వేలు. అద్దెకి దొరికేవాటిలో అంతకుముందు ఎవరు ఏ రోగంతో పడుకున్నారో. అందుకని ఒక శనివారం పొద్దున్నే పిల్లని వెంటబెట్టుకుని కంటోన్మెంట్ వైపు, మిలిటరీ సామాన్లు అమ్మే బజారుకి బస్సెక్కాను.

కొట్లోకి అడుగుపెట్టగానే చూశాను. పై అరలో నారింజరంగు చుట్ట, మా ఇంట్లో మడతపెట్టిన దుప్పటంత కూడా లేదు. అదే కావాలనిపించింది. వెంటనే మొహం తిప్పుకుని, కింద పడున్న లావుపాటి ఆకుపచ్చ డేరా చూపించమన్నాను. తెల్లగడ్డం పెద్దాయన ఓపిగ్గా దాన్ని కొట్టు ముందు నిలబెట్టాడు. ఇక చూడండి. కుట్టు కుట్టూ వేళ్లతో తడిమాను. జిప్పు ఇరవైసార్లు లాగాను. మేకులు లెక్కపెట్టాను. కడ్డీ వంచి చూశాను. పైగుడ్డ నేలదాకా ఎందుకు, ఉత్త బరువు కాకపోతే, అని దానికీ వంక పెట్టాను. రెండువేల ఆరువందలన్నాడు. పదమూడు వందలిస్తానని, ఆయన నవ్వుతుంటే లేచాను. గుమ్మం దాకా వెళ్లి, గడ్డంతో నారింజ చుట్టవైపు చూపించి అడిగాను.

ఈలోగా మా పిల్ల ముక్కాలిపీట ఎక్కి ఆ చుట్టని నిమురుతోంది. చెయ్యి మీద చిన్న దెబ్బ వేసి దింపాను.

మిగతా కథ మామూలే. తమలపాకుల బండి దాకా వెళ్లిపోవడం, వెనక్కి పిలిపించుకోవడం. పదిహేనువందల యాభై దగ్గర తెగింది. బిల్లు రాస్తే పన్ను పడుతుందన్నాడు, వద్దన్నాను. డబ్బు తీసుకునే ముందు ఆయనే అన్నాడు: "బెహన్‌జీ, ఏక్ బార్ ఖోల్ కే దేఖ్ లో." విప్పి చూడమని. విప్పితే మోజు బయటపడుతుంది. మోజు బయటపడితే తెగిన బేరం కూడా అతుక్కుంటుంది. అక్కర్లేదు భాయ్‌సాబ్ అనేసి చంకలో పెట్టుకుని నడిచాను.

మా సెక్టారు మార్కెట్లో కిరాణావాడి కాటా మీద పెడితే కిలో ఎనిమిది వందలు తూగింది. మా ఆయన చేత్తో ఎత్తి చూసి, "ఇంత తేలికేమిటి? లోపల గుడ్డ ఉందా?" అన్నాడు. మెచ్చుకోవడం చేతకాని మనిషి అనుకున్నాను.

మర్నాడు పొద్దున డాబా మీద విప్పాం. గుడ్డ లేదు. అడుగున పట్టా ఉంది. నడినెత్తిన టోపీ అంత ముక్క ఉంది. మధ్యనంతా దోమతెర. సముద్రపొడ్డున గాలికి పడుకునేవాళ్ల కోసం చేసినదన్నమాట. పిల్ల లోపల వెల్లకిలా పడుకుని, "మమ్మీ, ఇస్‌మే సే తో ఆస్‌మాన్ దిఖ్తా హై," అంది. లోపల్నుంచి ఆకాశం కనిపిస్తోందని దాని సంబరం.

పిల్లని కిందికి పంపేసి, మా కొట్లో చిల్లుబిందెలు పరీక్షించే పద్ధతే చేశాను. లోపల పాత పేపర్లు పరిచి పైనుంచి రెండు బకెట్ల నీళ్లు పోశాను. పేపర్లలో ఒక్క అక్షరం పొడిగా మిగల్లేదు. వాటిని పిండి, ఉండచుట్టి, నీళ్ల ట్యాంకు వెనక దాచాను. డేరా ఎలా ఉందని మా ఆయన అడిగితే బాగానే ఉందన్నాను.

ప్రయాణం పన్నెండు రోజులుంది. ఆ అబద్ధంతో తొమ్మిది రోజులు గడిపాను. ప్లాస్టిక్ పట్టా కొని తెచ్చి కప్పాను. అది గాలికి తెరచాపలా లేచింది. గొడుగులు బాగుచేసేవాణ్ణి బతిమాలి అంచులకి కొక్కేలు కుట్టించాను. ఒక సాయంత్రం దుమ్ముగాలి రేగి, దాని వెనక నాలుగు చినుకులు పడ్డాయి. కొక్కేలు ఊడి పట్టా పక్క డాబా మీదికి పోయింది. పొద్దున్నే పేపరు తీయగానే వాతావరణం ముక్క చూసేదాన్ని. కొండల్లో జల్లులు అని ఉంటే ఆ పేజీ మడిచి మా ఆయనకి మిగతాది ఇచ్చేదాన్ని. కూలరు గాలికో ఏమో పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి ఒకటి, రెండు, మూడు అని వింటూ నిలబడేదాన్ని. నాలుగో దగ్గు రాకపోతే అప్పుడు ఊపిరి పీల్చుకునేదాన్ని. మానిపించేద్దామా అనుకుంటే, అది సంచీ అప్పటికి మూడుసార్లు సర్ది మూడుసార్లు విప్పింది.

పదో రోజు మా ఆయనకి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. కాఫీ గ్లాసు కింద పెట్టి, "నాకు బాధ నువ్వు మోసపోయినందుకు కాదు. బాగానే ఉందన్నావు చూడు, అది," అన్నాడు. నేను ఆఫీసుకి సగం రోజు సెలవు చెప్పి ఆటో ఎక్కాను.

కొట్టాయన నన్ను చూడగానే గుర్తుపట్టాడు. తొమ్మిది రోజుల నా కష్టమంతా, కొక్కేలతో సహా, బల్లమీద పెట్టాను. విప్పి చూడమన్నాను కదా అన్నాడు. తల ఊపాను. చూస్తే నచ్చిందని తెలిసిపోతుందనే చూడలేదని, మాదీ కొట్టు కుటుంబమేనని చెప్పుకున్నాను. ఆయన గడ్డం దువ్వుకుంటూ కాసేపు నవ్వాడు.

"బెహన్‌జీ, మీ చెయ్యి బహుత్ పక్కా," అన్నాడు హిందీలో. "నేను చూసింది మీ బిటియా చెయ్యి, ముక్కాలిపీట ఎక్కిన పిల్లది. లేకపోతే పదమూడు వందలకి ఇచ్చేవాణ్ణి."

నాన్న బతికుంటే ఈయన కాళ్లకి దణ్ణం పెట్టమనేవాడు. ఆకుపచ్చ డేరా ఇంకా ఉందా అని అడిగాను. తీసి ముందు పెట్టాడు. ఈసారి రెండు చేతులూ దానిమీద వేసి, ధర ఎంతని అడిగాను. అదే రెండువేల ఆరువందలన్నాడు. బేరమాడకుండా డబ్బు లెక్కపెట్టాను. ఆ కొట్లో నేను కుట్టు కుట్టూ ఎరిగిన సరుకు అదొక్కటే. నారింజదాన్ని ఏడువందలకి వెనక్కి తీసుకున్నాడు. దానికీ బేరమాడలేదు.

ఆకుపచ్చది తూచితే మూడు కిలోల రెండువందలు. మేడమ్ కళ్లు చిట్లించి, మెడ సంగతి తెలిసినావిడ కనక, కంచరగాడిద మీద పంపుకో, దాని కూలి నువ్వే ఇచ్చుకో అంది.

రెండో రోజు మధ్యాహ్నం కొండమీద వాన పట్టుకుంది. వడగళ్లతో మొదలై మూడు గంటలు కొట్టింది. పిల్లని స్వెట్టరు మీద స్వెట్టరు వేసి మధ్యలో కూర్చోబెట్టి, నేను మోకాళ్ల మీద పాకుతూ కుట్లన్నీ వేలితో తడుముతూనే ఉన్నాను. ఒక మూల కాస్త చెమ్మగిల్లింది. అక్కడ నా పాదం అడ్డం పెట్టాను. పిల్ల చేగోడీలు నములుతూ, పాదం ఎందుకలా పెట్టావని హిందీలో అడుగుతోంది. వాన వెలిశాక దాని స్వెట్టర్లు ఎత్తి వీపుకి చెవి ఆనించి విన్నాను. చేగోడీ నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఢిల్లీకి తిరిగొచ్చాక కూర్చుని లెక్క వేశాను. మా ఆయన ముందే, ఏదీ దాచకుండా. నారింజ డేరా పదిహేనువందల యాభై. ప్లాస్టిక్ పట్టా తొంభై. గొడుగులవాడికి అరవై. ఆకుపచ్చ డేరా రెండువేల ఆరువందలు. మొదటిసారి బస్సు నలభై, రెండోసారి ఆటో నూటపది. కంచరగాడిదకి ఆరువందలు. మొత్తం అయిదువేల యాభై. కొట్టాయన వెనక్కిచ్చిన ఏడువందలు తీసేస్తే నాలుగువేల మూడువందల యాభై. మొదటిరోజే ఆకుపచ్చదాన్ని ఆయన చెప్పిన ధరకి, బేరమాడకుండా కొనుంటే, బస్సూ గాడిదా కలుపుకుని మూడువేల రెండువందల నలభై. అంటే నా బేరం ఖరీదు పదకొండు వందల పది రూపాయలు, ఒక పూట సెలవు, మా ఆయనకి చెప్పిన ఒక అబద్ధం. డాక్టరు ఖర్చేమీ కాలేదు.