కాంతమ్మత్త అడ్డం పెట్టిన తెడ్డు

మా పేటలో కాంతమ్మత్త చేత తిట్లు తినని మనిషి లేడు. ఎవడైనా తినలేదంటే వాడు ఊరికి కొత్తయినా అయ్యుండాలి, లేదా ఆవిడకి వాడి మీద ప్రేమైనా లేకపోయుండాలి. పొద్దున్నే ఒడ్డు మీద చేపల గంప ఎత్తుకుంటూ మొదలుపెడితే, ఆటో దిగి కాశీబుగ్గ బజారు చేరేదాకా ఆ నోరు మూతపడదు. జీడి ఫ్యాక్టరీలకి పోయే ఆడవాళ్ళు ఆవిడ దగ్గరే నెత్తళ్ళు కొంటారు, తిట్లు కొసరుగా పట్టుకెళతారు. పుట్టిల్లు ఒడిశా అంచున ఇచ్ఛాపురం పక్కన కాబట్టి మామూలు కోపానికి తెలుగు, అసలు కోపానికి ఒడియా. ఒడియా మొదలైందంటే కుక్కలు కూడా పడవల కిందకి దూరతాయి.

నేను ఆ పేట పిల్లనే. టెక్కలిలో డిగ్రీ పిల్లలకి సమాజశాస్త్రం చెబుతాను. ఏటా మొదటి సంవత్సరం వాళ్ళకి సంఘాలు, సంస్థలు అని ఒక పాఠం వస్తుంది. సంఘమంటే కొంతమంది ఒక పని కోసం కావాలని కూడి పెట్టుకున్నది. దానికి ఒక పేరు, సభ్యులు, అధ్యక్షుడు ఉంటారు. ఇష్టమైతే చేరతాం, లేకపోతే మానేస్తాం. సంస్థ అలా కాదు. అది మనుషుల గుంపూ కాదు, మేడా కాదు. అందరూ ఒప్పుకుని తరాల తరబడి నడుస్తున్న పద్ధతి అది, పెళ్ళి లాగ. దాంట్లో ఎవరూ సభ్యులు కారు, అయినా అందరూ దానికి కట్టుబడే ఉంటారు. గొంతు చించుకుని ఇంత చెప్పాక, సంస్థకి ఉదాహరణ రాయమంటే సగం మంది బ్యాంకు పేరు రాస్తారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. అందుకే ఇప్పుడు పుస్తకం మూసేసి కాంతమ్మత్త తెడ్డు గురించి చెబుతున్నాను.

మా పేటలో ఎవరైనా పోతే, చితికి నిప్పు పెట్టేదాకా ఒక్క పడవ కూడా నీళ్ళలోకి దిగదు. పడవల వరస ముందు ఇసుకలో ఒక తెడ్డుని అడ్డంగా పడుకోబెడతారు, వెడల్పు కొస దక్షిణం వైపు ఉండేలా. పెట్టేది ఆడమనిషి. పెట్టిన మనిషే తియ్యాలి. దాన్ని ఎవరూ దాటరు. చావు జరిగిన ఇంటివాళ్ళు తెడ్డు ముట్టకూడదు, ఆ ఇంటి వస్తువేదీ ఆ రోజు ఒడ్డుకి రాకూడదు. ఇదంతా ఎవరు పెట్టారయ్యా అంటే ఎవరికీ తెలీదు. ఎప్పుడు పెట్టారో అంతకన్నా తెలీదు.

కాంతమ్మత్తకి ఈ పని వాళ్ళ అత్తగారి నుంచి వచ్చింది. మోకాళ్ళు పట్టేశాక ఆ ముసలావిడ, "నీకు నోరున్నాది, నువ్వే ఎల్లి ఎట్టు" అందట. నిజానికి ఆ పనికి నోటితో అవసరమే లేదు. తెడ్డు పెట్టి పక్కన కూర్చోవడం, అంతే. విచిత్రం ఏమిటంటే, ప్రపంచంలో కాంతమ్మత్త మాట్లాడకుండా కూర్చునే చోటు అదొక్కటే. అత్తగారు పోయినప్పుడు పక్కింటి ముసలమ్మ తన తెడ్డు తెచ్చి పెట్టింది. ఇప్పుడు ఆ ముసలమ్మా లేదు, ఆ తెడ్డూ లేదు. అందరివీ ఇంజను పడవలే కాబట్టి ఊరు మొత్తానికి చెక్క తెడ్డు ఒకటే మిగిలింది. అది కాంతమ్మత్త ఇంట్లో తలుపు వెనక ఉంటుంది.

వలలు బాగుచెయ్యడానికి ఒడిశా నుంచి వచ్చిన ఒకాయన ఇక్కడే జ్వరంతో పోయాడు. ఆయన మన వాడు కాదు కదా అని ఎవరో గొణిగారు. "ఊళ్ళో సచ్చినోడు ఊరోడు కాకపోతే మరెవుడ్రా?" అని కాంతమ్మత్త తెడ్డు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఆయన ఇంటివాళ్ళకి ఫోన్ చేసి ఆవిడే కబురు చెప్పింది. ఒడియాలో ఆవిడ మెత్తగా మాట్లాడగా విన్నది నేను ఆ ఒక్కసారే. అబ్బ, ఎంత ముచ్చటేసిందో నాకు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది! కవిటి వైపు కొబ్బరితోటల ఊళ్ళలో ఉన్నట్టే మా పేటలోనూ ఉంది. దాంతో తెడ్డు తలుపు వెనక నిలవడం తగ్గిపోయింది. వేట నిషేధం అయిపోయి, నెత్తళ్ళు ఒడ్డుకి దగ్గరగా తిరిగే రోజుల్లో పడవలు ఇసుకలో ఎండుతుంటే మగాళ్ళకి కడుపు రగిలేది. వాళ్ళనీ అనలేను. పొయ్యి వెలగాలి కదా.

మా మత్స్యకారుల సంఘానికి పోలారావు మావ అధ్యక్షుడు. కాంతమ్మత్తకి రక్తసంబంధం లేదు గానీ వరసకి మరిది. ఆవిడ కాపరానికి వచ్చేనాటికి ముక్కు కారుతూ తిరిగే గుంటడు. ఆ ముక్కు తుడిచింది ఆవిడే, తుడుస్తూ తిట్టిందీ ఆవిడే. చెడ్డవాడు కాదు. చేపలకి ఐసు గది తెచ్చింది సంఘమే, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళకి ఆటో కుదిర్చింది సంఘమే. కాంతమ్మత్త భర్త వైకుంఠరావు మావ ఆ ఆటోలోనే వెళ్ళివచ్చేవాడు.

ఆ సంఘం ఒకరోజు కూర్చుని తీర్మానం చేసింది: ఇకమీదట సంఘ సభ్యులు పోతేనే వేట ఆపాలి, మిగతా చావులకి ఎవరిష్టం వాళ్ళది. సభ్యులంటే పడవ ఉన్నవాళ్ళు. జబ్బు చేశాక వైకుంఠరావు మావ పడవ అమ్మేశాడు. అప్పుడే ఆయన పేరు సంఘంలోంచి తీసేశారు.

కాంతమ్మత్త చేపల గంపతోనే సంఘం గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మెంబర్లు కానోలు సావకూడదేట్రా? సచ్చే ముందు మీకాడికొచ్చి రసీదు కోయించుకోవాలేటి?"

లోపల అందరూ నవ్వారు. పోలారావు మావ కూడా నవ్వాడు, అధ్యక్షుడు కాబట్టి కొంచెం తక్కువగా. "వదినా, నువ్వు మెంబరువి కావు. మీటింగులోకి రాకూడదు" అన్నాడు. అంతే, ఒడియా మొదలైంది. కాని తీర్మానం మాత్రం మారలేదు.

ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. వైకుంఠరావు మావ మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. పడవ నడిపినన్నాళ్ళూ ఎవరి తెడ్డునీ కాదని వేటకి వెళ్ళని మనిషి. ఒకసారి కానాగంత చేపల గుంపు వచ్చి కళ్ళ ముందు నీళ్ళు నల్లబడుతున్నా కదల్లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"అయితే కాంతం, నాకు తెడ్డు పడదన్నమాట" అన్నాడు నెమ్మదిగా.

"నోర్ముయ్. పొద్దుగూకేల ఏటా మాటలు!" అని కసిరి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆయన అడిగింది చిన్న కోరిక. ఊరంతా ఒక్క పూట తన కోసం ఆగాలి. తాను అందరి కోసం ఆగినట్టే.

తీర్మానం అయ్యాక మొదట పోయింది మరమరాలు అమ్మే ఎర్రమ్మ. పడవా లేదు, పిల్లలూ లేరు. తెల్లారేసరికి కాంతమ్మత్త తెడ్డు పెట్టి పక్కన కూర్చుంది. మగాళ్ళు వచ్చారు, నిలబడ్డారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పోలారావు మావ తల ఊపాడు. అప్పుడు జరిగింది చూసి నేను నోరు వెళ్ళబెట్టాను. ఒక్కడూ తెడ్డు దాటలేదు! తిన్నగా నాలుగడుగులు తోస్తే నీళ్ళు. అది మానేసి, అంతంత బరువు పడవల్ని మెత్తటి ఇసుకలో పక్కకి ఈడ్చుకుంటూ, చెమటలు కక్కుకుంటూ, తెడ్డు కొస చుట్టూ తిప్పి తీసుకెళ్ళారు. తీర్మానమైతే చేశారు గానీ దాటడానికి కాళ్ళు రాలేదు.

ఇక ఒడియా మొదలవుతుందని నేను చెవులు సిద్ధం చేసుకున్నాను. రాలేదు. పోలారావు మావ ఆవిడ పక్క నుంచి పోతూ "వదినా..." అన్నాడు. ఆవిడ సముద్రం వైపే చూసింది. ఎర్రమ్మకి నిప్పు పెట్టారని కబురొచ్చాక లేచి, తెడ్డు దులిపి, భుజాన వేసుకుని ఇంటికి నడిచింది.

మర్నాటి నుంచి ఊళ్ళో అందరికీ తిట్లు యథాప్రకారం అందాయి, పోలారావు మావకి తప్ప. ఆయన ఎదురైతే పక్కకి తప్పుకుని "రండి అధ్యక్షులుగారూ" అనేది. ఆయన దగ్గర చేపలు కొనేటప్పుడు "మీరు ఎలాగంటే అలాగేనండి" అనేది. మా పేటలో మరిదిని "మీరు" అన్న వదిన ఇంతవరకు పుట్టలేదు.

కొన్నాళ్ళకి ఆయన బస్సు ఆగే చోట నాకోసం కాపు కాశాడు. మనిషి సగమైపోయాడు.

"కోడలా, మీ అత్తకి సెప్పవే. నన్ను మీరంటంది."

"మంచిదేగా మావా. మర్యాద పెరిగింది."

"మర్యాదేటి, నా పిండాకూడు! నిన్న కావాలని నా గంపలు ఆయమ్మ దారికి అడ్డంగా ఎట్టీసేను. పాత వదినైతే నా ఏడు తరాలూ లేపీది. 'కొంచెం పక్కకి జరుపుతారా అండీ' అంది. ఇంటికెల్తే నాకు ముద్ద దిగనేదు."

ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదని నేను పాఠం ఎత్తుకున్నాను. "చూడు మావా, సంఘం మీరు పెట్టుకున్నది, కాబట్టి దాని నియమాలు మార్చగలరు. తెడ్డు అలా కాదు, అది..."

"నీ పాటం ఒగ్గీయే తల్లీ. తిట్టమని సెప్పు, సాలు."

చెప్పాను. కాంతమ్మత్త చేపలు తోముతూ తల ఎత్తకుండా, "తిట్టాలంటే మనోడవ్వాలి కదే" అంది.

వైకుంఠరావు మావ ఒక తెల్లవారుజామున పోయాడు. ముందురోజే పడవలు నిండుగా వచ్చాయి, నెత్తళ్ళు ఇంకా ఒడ్డు దగ్గరే ఉన్నాయి. మానుకోవడానికి అంత కష్టమైన రోజు ఏడాదిలో ఇంకోటి ఉండదు.

కాంతమ్మత్త ఆయన తల దగ్గర కూర్చుంది. ఏడవలేదు. తలుపు వెనక తెడ్డు ఉంది. దాని వైపు చూస్తోంది, చూపు తిప్పుకుంటోంది. ఆ రోజు అది చావింటి తెడ్డు. ఆవిడ ముట్టకూడదు, ఇంకెవరూ పట్టుకెళ్ళకూడదు. ఊళ్ళో ఇంకో తెడ్డు లేదు. చుట్టూ ఆడవాళ్ళు శోకాలు పెడుతుంటే చెయ్యెత్తి, "ఆపండే, ఒక్క నిమిసం ఆపండి" అంది. అప్పుడర్థమైంది నాకు. ఆవిడ ఇంజన్ల చప్పుడు కోసం వింటోంది. ఆ ఇంట్లోకి ఒడ్డు మీది మొదటి ఇంజను చప్పుడు వినబడిపోతుంది. వేటకి వెళ్ళే వేళ అయింది, దాటింది, బాగా తెల్లవారింది. కెరటాల హోరు తప్ప ఏమీ లేదు.

"మాదవీ," అంది నా వైపు తిరిగి, "ఎల్లి సూసి రాయే."

పరుగెత్తాను. పడవలన్నీ వరసగా ఇసుకలోనే ఉన్నాయి. వాటి ముందు అడ్డంగా ఒక పొడుగాటి ఇనప కడ్డీ పడుకుని ఉంది, చివర పంకాతో. పడవ ఇంజను షాఫ్టు. పోలారావు మావ తన పడవకి ఊడదీసి తెచ్చాడు. దాని పక్కనే తుండుగుడ్డ తలకి చుట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. మగాళ్ళంతా ఎవరి పడవ దగ్గర వాళ్ళు కూర్చున్నారు.

నాకు కళ్ళ నీళ్ళు ఆగడం లేదు, అయినా నా నోరు ఊరుకోదు కదా. "మావా, ఆయన మెంబరు కాదుగా" అన్నాను.

"ఊరుకోయే కోడలా" అన్నాడు. "తెడ్డు ఆ ఇంట్లో ఉండిపోనాది. నాకాడున్నది ఇదే."

ఆ తీర్మానాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు, ఈనాటికీ అది అలాగే ఉంది. తర్వాత పోయినవాళ్ళలో ఎవరు సభ్యులు, ఎవరు కాదు అని అడిగిన మనిషి మాత్రం లేడు.

తిరిగొచ్చి కాంతమ్మత్త చెవిలో చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నది.

"పంకా ఏ దిక్కుకున్నాది?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఉత్తరానికి అత్తా."

"ఒలమ్మో! ఉత్తరానికెట్టీసినాడే ఎర్రెదవ!" అంది, అని భర్త గుండె మీద తల పెట్టి, అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు వీధి చివరిదాకా వినబడింది.

మధ్యాహ్నం దహనం అయ్యాక మగాళ్ళు స్నానాలు చేసి వచ్చారు. షాఫ్టు తియ్యడానికి ఒడ్డుకి వెళ్ళబోతూ పోలారావు మావ తడిబట్టలతో ఆ ఇంటి గుమ్మం దగ్గర ఆగాడు. లోపలికి రావడానికి ధైర్యం చాలక తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. కాంతమ్మత్త తలెత్తి చూసింది.

"ఏట్రా అలగ గుడ్లప్పగించి నిలబడ్డావు, బుర్రలేనోడా? కొస దచ్చినానికుండాలని తెల్దేట్రా? ఇన్నేళ్ళూ కళ్ళు ఎక్కడెట్టుకున్నావురా? మగోడు ఎట్టడమేట్రా, ఇంటికాడ నీ పెళ్ళాం నేదా? ఉప్పిసకలో ఇంజను సాఫ్టు పారీసినావు, అది తుప్పట్టి రేపు నడిసంద్రంలో నువ్వాగిపోతే లాక్కురాడానికి ఎవుడొత్తాడ్రా? మీ అన్న ఉన్నాడేట్రా?"

ఆ చివరి మాట అన్నాక ఖాళీ మంచం వైపు తిరిగింది.

"తిట్టు వదినా" అన్నాడు పోలారావు మావ. ముఖం మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు. "ఇంకా తిట్టు."

తిట్టింది. ఒడియాలోకి దిగింది కూడా. వీధిలో నిలబడ్డవాళ్ళంతా తలలు దించుకుని, అక్షింతలు వేయించుకుంటున్నట్టు విన్నారు. చివరికి అలిసిపోయి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన కదలబోతుంటే మళ్ళీ పిలిచింది.

"ఒరే పోలా! ఒట్టినే తీసీకు. ముందు దచ్చినానికి తిప్పు, అప్పుడు తియ్యి."