రుద్రమ్మ ఆపించిన మగ్గాలు

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో రుద్రమ్మంత కంగారు మనిషి ఇంకొకరు లేరు. మొగుడు పుల్లయ్యకు గుండె రక్తనాళాలు పూడుకుపోతే కర్నూలులో స్టెంట్లు వేయించి తెచ్చుకుంది. విశ్రాంతి కావాలన్నాడు అక్కడి డాక్టరు. ఇక చూడండి ఈమె హడావిడి! ఇంట్లో మగ్గం మీద దుప్పటి కప్పేసింది. ఇల్లిల్లూ తిరిగి, "ఆయన గుండె అదురుతాది, కొన్నాళ్లు మగ్గాలు ఆపండప్పా" అని చేతులు పట్టుకుంది. పుల్లయ్యంటే వీధికి ఎంత ప్రేమో! కూలి పోతే పోయిందని అందరూ ఆపేశారు.

పుల్లయ్య గుండె బాగానే కొట్టుకుంటోంది. మనిషే గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం సహించదు, నిద్ర పట్టదు. చివరికి మాత్రలు కూడా వద్దన్నాడు. అవి ఆపితే స్టెంటులో రక్తం గడ్డకడుతుందని కర్నూలులో మరీ మరీ చెప్పి పంపారు. రుద్రమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆటో ఎక్కించి ఊళ్లోని అశ్విని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ ఈసీజీ చూసింది. "గుండె బాగుంది. స్టెంట్లు వేయించుకున్నవాళ్లలో చాలామందికి ఇట్లా దిగులు పట్టుకుంటుంది. డిప్రెషన్. అదీ జబ్బే, దానికీ మందుంది" అని పుల్లయ్య వైపు తిరిగింది. "మాత్రలెందుకు వద్దంటున్నావు పెద్దాయనా?"

పుల్లయ్య నేల చూపులు చూస్తూ చెప్పాడు. "వీధిలో ఎవురన్నా పోతేనే కదమ్మా మగ్గాలన్నీ ఆపేది. నేనొచ్చినప్పట్నుంచి ఒక్కటీ ఆడలే. నా పని అయిపోయిందని అందరికీ తెల్సు, నాకే సెప్పకుండా దాస్తాండారు. ఇంగ మాత్రలెందుకు?"

రుద్రమ్మకు అప్పుడర్థమైంది. కాపాడుకుంటున్నాననుకుని, బతికున్న మనిషికి చావు మర్యాద చేసింది తనే! ఏడుపొచ్చింది, తన మీద తనకే ఒళ్లు మండింది. చప్పుడుకు గుండెకేమీ కాదని డాక్టరమ్మ చెప్పడమే ఆలస్యం, కొత్త మాత్రలు కొంగున కట్టుకుని లేచింది.

వీధి మొదట్లోనే ఆటో ఆపించి దూకింది. "ఆయన్ని నిదానంగా తోడుకోని రాప్పా" అని ఆటో అతనికి చెప్పి పరుగందుకుంది.

"సిద్దమ్మా! శ్రీనివాసులూ! మగ్గాలు ఆడించండి!"

"పుల్లయ్యన్న గుండెకేం కాదా అక్కా?" అన్నాడు పక్కింటి శ్రీనివాసులు.

"ఆడించకపోతేనే అయితాది! బిన్నా కూసోండి, ఆలస్యం సేయొద్దండి!"

ముందు సిద్దమ్మ ఇంట్లో టకటక. తర్వాత ఎదురింట్లో. ఆ తర్వాత ఎక్కడెక్కడో చెప్పలేం, వీధంతా ఒక్కటే మోత! రుద్రమ్మ తన ఇంట్లో దుప్పటి లాగి పారేసి మగ్గం గుంటలో కూర్చుంది. జన్మంతా నూలు కండెలు చుట్టిన మనిషేగానీ పోగుల మధ్య నాడె విసరడం ఎప్పుడు నేర్చింది కనుక? ఇష్టమొచ్చినట్టు విసిరింది.

పుల్లయ్య గడప పట్టుకుని నిలబడ్డాడు. వీధి చివరిదాకా విన్నాడు. కళ్లనిండా నీళ్లు.

"నేనింగా ఉండానా, రుద్రమ్మా?"

"ఉండావు! ఆపించింది నేనేనప్పా, నీ గుండె అదురుతాదని. బుద్ధి లేక సేసినా."

పుల్లయ్య మెల్లగా వచ్చి గుంట అంచున కూలబడ్డాడు. మగ్గం వైపు చూసి మొహం చిట్లించాడు. "పోగులన్నీ తెంపి పెట్టినావు కదే" అంటూ అరచెయ్యి చాపాడు. "గుండె మాత్రా ఇయ్యి, దిగులుదీ ఇయ్యి."